సమస్యాపూరణం: పాలు గారెను కోయఁగాఁ బచ్చియాకు

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు తేటగీతి. పై పాదం చివర వచ్చేలా పద్యం పూర్తిచేయాలి. జిల్లేడు, మర్రి అంటూ తప్పించుకోవద్దు. ఐరోపావారి సలాడ్ ఆకు లెట్యూస్ మీదే పూరించాలి. నిన్న కుండీలో పూతకొచ్చిన మొక్కను మొదలు దగ్గర కోశాను. కత్తి అంచున తెల్లటి జిగురు, నాలుకకు చేదు. ఆరాక గోధుమరంగుకు తిరిగింది. దీని పేరు ఇటలీలో లత్తూగ, ఫ్రాన్సులో లెత్యూ, స్పెయినులో లెచూగ. ఆయా భాషల్లో పాలను లత్తె, లె, లేచె అంటారు. ఇంగ్లీషు మాట కూడా పాత ఫ్రెంచి నుంచి వచ్చిందే.

పెరటికవి:
లాటినుల నోట లక్తూక లలితమైన
పేరు పుట్టెను పాలను పేరు నుండి
మొదలు ఖండింపఁ దెల్లని ముత్తియములు
పాలు గారెను కోయఁగాఁ బచ్చియాకు

నిర్వాహకుడు: ధార బాగుంది. కానీ “ఖండింప” అన్నాక మళ్లీ “కోయఁగా” పునరుక్తి. “మొదలు చెంతను దెల్లని ముత్తియముల” అనండి. “లలితమైన” యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) కోసమే వచ్చిందని మీకూ తెలుసు, నాకూ తెలుసు!

పెరటికవి: దొరికిపోయాను. సవరణకు ధన్యవాదాలండీ.

లిస్బన్ ప్రవాసి:
అరబు ఖస్సె యల్ఫాసుగా నవతరించె
ముద్దుపేరయ్యె లిస్బను పురజనులకు
పేరులోఁ బాలు లేకున్న వింత గాదె
పాలు గారెను కోయఁగాఁ బచ్చియాకు

పోర్చుగీసులో ఈ ఆకు ‘అల్ఫాస్’. అరబ్బీ ‘అల్ ఖస్’ నుంచి వచ్చింది. ఇక్కడి నగరవాసులను ‘అల్ఫసీన్య’లంటారు, అంటే చిట్టి లెట్యూసులు.

పెరటికవి: రెండో పాదంలో ము–పు యతి సరేనా?

నిర్వాహకుడు: నిక్షేపంగా చెల్లుతుంది. ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదే. పేరులో పాలు లేవని ఒప్పుకుంటూనే సమస్యను గట్టెక్కించారు. స్పానిషు ‘లేచె’లో మన క్రియాపదం కూర్చుని ఉంది, ఆ శ్లేషను ఒక్కరూ పట్టుకోకపోవడమే లోటు.

కొత్త విద్యార్థి: జర్మనీలో దీన్ని ‘కోప్ఫ్‌జలాట్’ అంటారు. సలాడ్ మాటకు మూలం ఉప్పు కదా! “జర్మనులు పాలు వదలి ఉప్పు దిన్నారు” అని మొదలుపెట్టాను. గణాలు (గురులఘువుల గుంపులు) కుదిరాయా?

నిర్వాహకుడు: మూడు గణాలు నడిచాయి, నాలుగోది కుంటింది. యతి లేదు. “వదలి” తర్వాత యడాగమం (మధ్యలో ‘య’ చేరడం) కూడా రావాలి. “జర్మనులు పాలు విడి యుప్పు జతను గొనిరి” అనండి. ‘లాటిష్’ అనే పాత పేరు కూడా వారికి ఉంది, అందులో పాలు మిగిలే ఉన్నాయి. తర్వాతి పాదానికి పనికొస్తుంది.

కొత్త విద్యార్థి: రాత్రికి మిగతా రెండు పాదాలు పంపుతానండీ.