సీ, లుక్, వాచ్: పిల్లలకు తేడా ఎలా చెప్పాలి?

అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. తెలుగులో ‘చూడటం’ అన్న ఒక్క మాటే సరిపోతుంది కనుక వాళ్ళు సీ, లుక్, వాచ్ క్రియలను కలిపేస్తున్నారు. కాలువ గట్టున కూర్చోబెట్టి, లకుముకిపిట్ట అనుకోకుండా కంటపడితే సీ అనీ, అటు దృష్టి మళ్ళిస్తే లుక్ ఎట్ అనీ, అది నీళ్ళలోకి దూకి చేపను పట్టేదాకా కనిపెట్టుకుని ఉంటే వాచ్ అనీ 3 వారాలుగా చెప్పాను. అంతవరకు బాగానే పట్టుకున్నారు.

చిక్కు సినిమా దగ్గర వచ్చింది. టీవీలో అయితే వాచ్ అంటారు, హాల్లో అయితే సీ కూడా వాడతారు. టికెట్టు కొని కదలకుండా చూసినది అనుకోకుండా కంటపడటం ఎలా అవుతుందని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. నిఘంటువు ఉదాహరణలు ఇచ్చిందే తప్ప కారణం చెప్పలేదు.

ఈ సినిమా ప్రయోగం కూడా ఇమిడేలా, సీకీ వాచ్‌కీ తేడాను 13 ఏళ్ళ పిల్లలకు ఏ సూత్రంతో చెప్పాలి?