పసుపు పొడి యూనిట్‌కు ప్రాజెక్టు రిపోర్టు ఉచితంగా ఎక్కడ తయారు చేయించుకోవచ్చు?

నమస్కారం. నిజామాబాద్ జిల్లాలోని మా ఊళ్లో పసుపు, కారం పొడి పట్టే చిన్న యూనిట్‌ను నా పేరు మీద పెట్టాలనుకుంటున్నాను. యంత్రాలకు, షెడ్డుకు కలిపి సుమారు 6 లక్షల రూపాయలు అవసరమవుతాయి. పీఎంఈజీపీ (బ్యాంకు రుణంతో సొంత యూనిట్ పెట్టుకునేవారికి కేంద్రం సబ్సిడీ ఇచ్చే ఉపాధి పథకం) కింద గ్రామీణ మహిళలకు 35 శాతం సబ్సిడీ ఉందని, సొంత వాటా 5 శాతం పెట్టుకుంటే చాలని చదివాను. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలోనూ సబ్సిడీ 35 శాతమే కానీ, అక్కడ సొంత వాటా 10 శాతం ఉండాలి. ఈ రెండింటిలో బ్యాంకులు దేనిని త్వరగా మంజూరు చేస్తున్నాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

బ్యాంకుకు ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టుకు ఒక ఏజెంటు 15 వేలు అడిగారు. రుసుమే లేని ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఇదివరకే ఒకచోట 1,500 చెల్లించాను (నా తొందరపాటే అనుకోండి). జిల్లా పరిశ్రమల కేంద్రంలో గానీ, గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో గానీ రిపోర్టు తయారీకి ఉచితంగా సాయం చేస్తారా?