అప్‌డేట్: 'యెస్టర్‌డే ఓన్లీ' సంగతి తేలింది

పాత ప్రశ్న చూడనివాళ్లకి: లండన్ క్లయింట్‌కి "ఐ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే ఓన్లీ" అని మెయిల్ పెడితే, అంత ఆలస్యం ఎందుకైందని జవాబొచ్చింది. "నిన్ననే పంపేశాను" అంటే ఆలస్యం మాట ఎందుకొచ్చిందో అర్థం కాక ఇక్కడ అడిగాను.

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది 'ఆల్రెడీ' వాడమన్న సలహా. ఆఫీసులో ఇంగ్లీషు ట్రైనర్ గారికి చూపిస్తే ఆవిడా అదే అన్నారు. 'నిన్ననే'లో చివరి 'ఏ' చేసే పనిని మనం ఇంగ్లీషులో ఓన్లీకి అప్పగిస్తాం. మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. బ్రిటన్‌వాళ్లకి మాత్రం "నిన్నటిదాకా పంపలేదు, నిన్న గానీ పంపలేదు" అన్నట్టు వినిపిస్తుంది. నేను చెప్పినదానికి సరిగ్గా తలకిందులు! ఇప్పుడు "ఐ ఆల్రెడీ సెంట్ ఇట్ యెస్టర్‌డే" అని రాస్తున్నా, మళ్లీ ఆ ప్రశ్న రాలేదు.

ఓన్లీని ముందుకి జరపమన్నది కుదరదు. "ఓన్లీ యెస్టర్‌డే" అంటే ఆలస్యమే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. 'యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్' కూడా మన దగ్గర చెల్లేదే. 'సెంట్' రాయాలా, 'హ్యావ్ సెంట్' రాయాలా అని చాలా చర్చ జరిగింది గానీ దీనికీ దానికీ సంబంధం లేదు. యెస్టర్‌డే ఉంది కాబట్టి 'సెంట్' సరైనదే.

చెక్కు మీద "రుపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ" గురించి అడిగినవారికి: అది వేరు. మొత్తం తర్వాత ఎవరూ ఇంకేమీ కలపకుండా పెట్టే అడ్డు అది. అలాగే రాయండి.