నటాషా ట్రెథెవే ‘నేటివ్ గార్డ్’: తల్లి స్మృతి, సైనికుల చరిత్ర ఒకే పుస్తకంలో ఎందుకు?

ప్రశ్న:
అమెరికన్ కవయిత్రి నటాషా ట్రెథెవేకు 2007లో పులిట్జర్ బహుమతి తెచ్చిపెట్టిన ‘నేటివ్ గార్డ్’ ఇటీవల చదివాను. మొదటి భాగమంతా చనిపోయిన తల్లిని గురించిన కవితలే. తరువాత అంతర్యుద్ధ కాలపు నల్లజాతి సైనికుల కథ వస్తుంది. విడివిడిగా రెండూ నన్ను కదిలించాయి కానీ, వాటిని ఒకచోట చేర్చడంలో ఆమె ఉద్దేశం నాకు అందలేదు. ఆమె జీవితం తెలిసినవారు దయచేసి వివరించగలరా?

మొదటి సమాధానం:
పేరు చెక్కిన రాయి లేకపోవడమే ఆ రెండింటినీ కలుపుతోందని నా అభిప్రాయం. ట్రెథెవే 1966లో మిసిసిపీ రాష్ట్రంలోని గల్ఫ్‌పోర్ట్‌లో పుట్టారు. తల్లి గ్వెండొలిన్ నల్లజాతి స్త్రీ. తండ్రి ఎరిక్ కెనడాకు చెందిన శ్వేతజాతీయుడు, ఆయనా కవే. వారు విడిపోయాక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఆ రెండో భర్త, విడాకులైన తరువాత కూడా ఆమెను వెంటాడి, 1985లో హత్య చేశాడు. అప్పటికి నటాషాకు 19 ఏళ్ళు. తల్లి సమాధిపై చాలా ఏళ్ళపాటు రాయి నిలపలేదు.

ఇక గల్ఫ్‌పోర్ట్ తీరానికి ఎదురుగా ఉన్న షిప్ ఐలాండ్‌కు రండి. అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన దక్షిణాది సైన్యపు ఖైదీలకు అక్కడి కోటలో కాపలా కాసింది ‘నేటివ్ గార్డ్’ అనే దళానికి చెందిన నల్లజాతి సైనికులు. వారిలో ఎందరో అంతకుముందు బానిసలు. ఖైదీల పక్షాన్ని స్మరించే కంచు ఫలకం కోట ముఖద్వారం వద్ద ఉండగా, కాపలా కాసినవారి పేర్లు మాత్రం ఎక్కడా చెక్కలేదని ఆమె ఒక కవితలో రాశారు. పుట్టిన ఊరి చరిత్రలోనూ సొంత ఇంట్లోనూ ఒకే లోటు కనిపించినప్పుడు, వాటిని వేర్వేరు పుస్తకాలుగా రాయడం ఆమెకు సాధ్యమయ్యేది కాదేమో.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూ, నిర్మాణాన్ని కూడా గమనించమని కోరుతున్నాను. పుస్తకం పేరే పెట్టుకున్న దీర్ఘ కవిత పది సానెట్ల (పద్నాలుగు పాదాల కవితల) మాల. ఒక సానెట్ చివరి పాదం కొద్ది మార్పుతో తరువాతి దానికి మొదటి పాదమవుతుంది, మన ముక్తపదగ్రస్తం లాగా. అందులోని సైనికుడు శత్రువు ఇంట దొరికిన డైరీలో, పాత రాతకు అడ్డంగా తన రాత రాసుకుంటాడు. చెరిపేసిన చరిత్రపై ఇంతకంటే బలమైన చిత్రణ నేను చదవలేదు.

తల్లిదండ్రుల వివాహంపై రాసిన ‘మిసెజెనేషన్’ (జాత్యంతర సంబంధం) గజల్ రూపంలో సాగుతుంది. జాత్యంతర వివాహం మిసిసిపీలో నేరం కనుక వారు ఒహాయో వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు; అలాంటి చట్టాలను సుప్రీంకోర్టు కొట్టివేసింది 1967లో. ప్రతి షేర్ (రెండు పాదాల పద్యం) ‘మిసిసిపీ’ అన్న రదీఫ్‌తోనే, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చివరి పదంతోనే ముగుస్తుంది, చివరి షేర్‌లో కవయిత్రి పేరు వస్తుంది. దాశరథి, సినారె గజళ్ళు చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఎటు తిరిగినా మళ్ళీ ఆ రాష్ట్రానికే చేరక తప్పని బతుకును చెప్పడానికి ఇంతకన్నా తగిన రూపం దొరకదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తరువాత ఏది చదవమంటారు?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
తొలి సంపుటి ‘డొమెస్టిక్ వర్క్’ (2000) శ్రామికులైన నల్లజాతి స్త్రీపురుషుల గురించి; దాన్ని బహుమతికి ఎంపిక చేసింది అమెరికన్ కవయిత్రి రీటా డవ్. అయితే మీ ప్రశ్నను బట్టి, ట్రెథెవే 2012 నుంచి 2014 వరకు అమెరికా ఆస్థానకవిగా ఉన్న తరువాత, 2020లో వెలువరించిన వచన రచన ‘మెమోరియల్ డ్రైవ్’ ముందు చదవండి. హంతకుడితో తల్లి జరిపిన ఫోన్ సంభాషణల పాఠాన్ని, తల్లి స్వయంగా రాసుకున్న కాగితాలను ఆమె అందులో యథాతథంగా ఉంచారు.