ఫ్యాక్టరీ కూలి గొడవల్లో చర్చి సంఘం తలదూర్చాలా?

పద్మ_పటాన్‌చెరు: అందరికీ వందనాలు. మా సంఘంలో సగం మంది కాంట్రాక్టు పనివాళ్ళే. పీఎఫ్ కట్టరు, దెబ్బ తగిలితే ఈఎస్ఐ కార్డుండదు. యూత్ మీటింగ్‌లో ఈ సంగతి ఎత్తితే "రాజకీయాలొద్దు" అన్నారు. దక్షిణ కొరియా క్రైస్తవుల ప్రార్థనల గురించి మాత్రం ఉజ్జీవ సభల్లో తెగ చెప్తారు. అదే కొరియాలో చో హ్వా సూన్ అనే మెథడిస్టు పాస్టరమ్మ 1966లో ఇంచాన్‌లోని తోంగిల్ బట్టల మిల్లులో కూలీగా చేరింది. ఆ మిల్లు ఆడపిల్లలు 1972లో యూనియన్‌కి ఒక స్త్రీని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆ దేశంలో అదే మొదటిసారి. ఇది ఎవరూ చెప్పరేం?

బెరయ: సిస్టర్, ఆవిడ వెళ్ళింది సువార్త చెప్పడానికా, యూనియన్ పెట్టడానికా?

పద్మ_పటాన్‌చెరు: యూనియన్ అప్పటికే ఉంది. పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళు, పెత్తనం మగవాళ్ళది.

బెరయ: అడిగింది అది కాదు. సువార్తా, యూనియనా?

జాన్_గుంటూరు: రెండూ అయితే తప్పేంటి?

బెరయ: బైబిల్లో పౌలు దాసుల్ని యజమానులకు లోబడమన్నాడు. అక్కడ జార్జ్ ఓగుల్ అనే మిషనరీ ఇలాంటి పనులే చేస్తే 1974లో దేశం నుంచి పంపేశారు.

పద్మ_పటాన్‌చెరు: ఆయన్ని పంపేసింది అబద్ధపు కేసులో శిక్ష పడ్డ ఎనిమిది మంది కోసం ప్రార్థించినందుకు! వాళ్ళని 1975లో ఉరితీశారు, 2007లో అక్కడి కోర్టే నిర్దోషులంది. ప్రార్థన కూడా రాజకీయమేనా? మా తమ్ముడికి ప్రెస్ మెషిన్‌లో రెండు వేళ్ళు పోయాయి. సెన్సార్ పనిచేయట్లేదని వాడు ముందే మొత్తుకున్నాడు. పాస్టర్ గారు ఆసుపత్రికొచ్చి ప్రార్థన చేశారు, పళ్ళిచ్చారు. ఆ కాంట్రాక్టర్ మా కమిటీ పెద్దే. ఆయన్ని ఒక్క మాట అడగలేదు. కూలి ఎగ్గొడితే ఆ కూలివాళ్ళ మొర దేవుడి చెవిన పడుతుందన్న బైబిల్ మాట, యాకోబు 5:4, ఎవరి కోసం రాశారు?

బెరయ: మీది ఆఫీసు ఉద్యోగమేమో, నాది పన్నెండు గంటల షిఫ్టు. పోయినేడు కూలి పెంచమని మా సంఘం కుర్రాళ్ళం కాగితం రాస్తే పాస్టర్ గారూ సంతకం పెట్టారు. ఆయనకేం కాలేదు, మా గేటు పాసులు ఆపేశారు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే సంఘం నుంచి ఒక్క బియ్యం బస్తా రాలేదు. లోబడమని ఊరికే అన్నానా?

జాన్_గుంటూరు: ఇది మొదటే చెప్పాల్సింది అన్నా.

పద్మ_పటాన్‌చెరు: తోంగిల్‌లోనూ 1978లో 124 మందిని తీసేశారు, వేరే మిల్లుల్లో కూడా పని దొరక్కుండా పేర్లు పంపారు. కానీ చో పాస్టరమ్మ వాళ్ళతో పాటు జైలుకెళ్ళింది. నేనడిగేది అలాంటి సంఘం.

బెరయ: పని పోయిన వాళ్ళకి కానుకల డబ్బులోంచి నెలనెలా ఇస్తామని కమిటీని తీర్మానం రాయమనండి. అప్పుడు మళ్ళీ సంతకం పెడతా. అప్పటిదాకా నన్ను లాగొద్దు.

జాన్_గుంటూరు: ఆ కాంట్రాక్టర్ కూర్చునే కమిటీలో అది పాసవుతుందా?

పద్మ_పటాన్‌చెరు: ఆదివారం ఆరాధనయ్యాక ఆయన ముందే అడుగుతా.