ఊళ్లో బ్యాంకు ఖాతా ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న:
హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, సొంతూరు ప్రకాశం జిల్లా. డిగ్రీలో ఉన్నప్పుడు మా మండలంలోని బ్రాంచిలో తెరిచిన ఖాతాలో 1,140 రూపాయలున్నాయి. మొన్న ఫోన్ నంబర్ మార్చమని వెళ్తే సర్వర్ డౌన్ అంటూ రెండుసార్లు తిప్పారు. క్లోజ్ చేద్దామంటే నాన్న వద్దంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1:
తొందరపడకు బ్రో. ముందు నీ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు సీడ్ (లింక్) అయిందో చూడు, గ్యాస్ సబ్సిడీ లాంటివి ఆ ఖాతాకే పోతాయి. మా అమ్మకి కొత్త ఖాతా తెరిచినప్పుడు సీడింగ్ దానికి మారిపోయింది, ఆ సంగతి మాకు తెలియదు, పీఎం కిసాన్ 2,000 ఎక్కడ పడ్డాయో తెలియక వారం రోజులు పాస్‌బుక్కులు పట్టుకుని తిరిగాం.

జవాబు 2:
ఉంచుకోండి గానీ మర్చిపోవద్దు. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఇనాపరేటివ్ (వాడకంలో లేని ఖాతా) అవుతుంది, మళ్లీ కేవైసీ కోసం క్యూలో నిలబడాలి. పదేళ్లయితే డబ్బు ఆర్‌బీఐ ఫండ్‌కి వెళ్తుంది (తర్వాతైనా అడిగి తీసుకోవచ్చులెండి). అప్పుడప్పుడూ ఓ వంద అటూ ఇటూ పంపండి, చాలు.

జవాబు 3:
నేనైతే తీసేస్తా. అది గ్రామీణ బ్యాంకా? 2025 మే 1న ఆంధ్రలో నాలుగూ కలిసి ఒకటయ్యాయి, ఐఎఫ్‌ఎస్‌సీ (డబ్బు పంపేటప్పుడు ఇచ్చే బ్రాంచి కోడ్) మారిందేమో కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
నాన్న అసలు సంగతి ఇప్పుడు చెప్పారు. అమ్మ గొలుసు అక్కడే తాకట్టులో ఉందట, అదీ నా పేరు మీదే. ఎప్పుడు సంతకం పెట్టానో!