పర్లాకిమిడి పల్లెల్లో సైకిల్ ప్రచారం: అభ్యర్థి చుట్టి రాగలడా?

వంశధార_ఒడ్డు:
ఒడిశాలోని మన పర్లాకిమిడి నుంచి అసెంబ్లీకి నిలబడే స్వతంత్ర అభ్యర్థి జీపు మానేసి సైకిల్ మీదే తిరిగితే సరిపోతుందా అన్నది ప్రశ్న. కాశీనగర్, గోసాని బ్లాకుల వరకు సరిపోతుందనే నా మాట. నామినేషన్ల ఉపసంహరణ గడువు దాటాక పోలింగుకి కనీసం 14 రోజులుండాలి. పోలింగు ముగిసే వేళకి 48 గంటల ముందే ప్రచారం ఆపాలి. చేతికి మిగిలేవి 12 రోజులు. ఊళ్ళో అరగంట, పక్క ఊరికి మూడు నాలుగు కిలోమీటర్లు తొక్కడానికి మరో పావుగంటో ఇరవై నిమిషాలో. 2024లో ఇక్కడ పోలింగు మే 13న జరిగింది. ఆ ఎండల్లో ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8 వరకే పని. అలాగైనా రోజుకి పది ఊళ్ళు.

మహేంద్రతనయ:
మాస్టారూ, ఆ లెక్క పల్లపు ఊళ్ళకే. గుమ్మ, సెరంగో వైపు కొండ ఊళ్ళకి ఎక్కి చూడండి. మామూలు నల్ల సైకిల్‌కి ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనక చక్రం దగ్గరి ఫ్రీవీల్‌కి 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు ఆరు మీటర్లు పోవాలి. ఎక్కుడులో అది సాధ్యం కాదు, దిగి నెట్టాల్సిందే. దిగుడు ఇంకా ప్రమాదం. వాన తడిస్తే స్టీలు రిమ్ము మీద బ్రేకు రబ్బరు జారిపోతుంది, వేసవి సాయంత్రాల్లో కొండ మీద వాన మామూలే. గేర్ల సైకిల్ కొందామంటే, కేబుల్ తెగితే పల్లెలో దొరకదు. పైగా అక్కడ సవర మాట, అంటే ఆ కొండవాళ్ళ భాష రావాలి. మాట తెలిసినవారు వెంట లేకపోతే ఎక్కినా దండగే.

కాశీనగర్_సంత:
అసలు చిక్కు గుర్తుది. ఏటి అవతల ఆంధ్రాలో సైకిల్ అంటే తెలుగుదేశం. మనవాళ్ళ చుట్టాలు పాతపట్నం, హిరమండలంలో ఉన్నారు, ఇంట్లో ఆడేది తెలుగు టీవీ. పన్నెండు రోజులు సైకిల్ మీద చూసిన మనిషి కోసం ఓటింగు యంత్రం మీద సైకిల్ గుర్తే వెతుకుతారు. అది అక్కడ ఉండదు! గుర్తు బోర్డు తప్పనిసరి. హ్యాండిల్‌కి కడితే గాలి పట్టి బండిని పక్కకి లాగేస్తుంది, వెనక క్యారేజీకి నిలువుగా బిగించాలి. వరుస సంఖ్య, గుర్తు ఒడియాలోనూ తెలుగులోనూ రాయించండి.

వంశధార_ఒడ్డు:
గుర్తు సంగతి ఒప్పుకుంటున్నాను, నాకు తట్టలేదు. ఇంకొకటి. ఇంజిన్ లేదు కదా అని లెక్క రాయకుండా ఉండొద్దు. ఎన్నికల సంఘం సైకిల్ రిక్షాని కూడా ప్రచార వాహనంగానే చూస్తుంది. వెంట తిరిగేవాళ్ళ సైకిళ్ళ అద్దె, మరమ్మతు, బోర్డు ఖర్చు అన్నీ రిజిస్టరులో పడాలి. అభ్యర్థి ఖర్చుకి పరిమితి 40 లక్షలు, అంత ఖర్చు ఎలాగూ కాదు. కానీ ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వకపోతే మూడేళ్ళు అనర్హత పడే వీలుంది.

పంక్చర్_పెట్టె:
తుమ్మముల్లు, పల్లేరుకాయ ఉన్న దారులివి. రెండు ట్యూబులు, పంపు, సొల్యూషన్, ఇరుసు నట్టుకి సరిపడే పానా వెంట ఉండాలి. సొల్యూషన్ కాస్త ఆరాక అతికించాలి, తడి మీద వేసిన అతుకు ఎండకి లేచిపోతుంది. వాల్‌ట్యూబు, అంటే గాలి కొట్టే వాల్వుకి తొడిగే సన్న రబ్బరు గొట్టం, ముక్కలు మరవొద్దు. ఎండకి అది చీకిపోయి గాలి దిగితే, పంక్చరనుకుని ట్యూబంతా వెతుకుతూ ఒక ఊరు పోగొట్టుకుంటారు.

మహేంద్రతనయ:
అయినా కొండకి నా మాట మారదు. సైకిల్‌ని జీపులో పైదాకా చేర్చండి, పైన ఊళ్ళ మధ్య తొక్కనివ్వండి. దిగేది మళ్ళీ జీపులోనే.

కాశీనగర్_సంత:
అలాగైతే ఆ జీపుకి అనుమతి తీసుకోండి, నకలు కాదు, అసలు కాగితమే ముందు అద్దానికి అంటించాలి.